గుర్రుమన్న కుక్కను కొట్టకండి, ముందు మధ్యలో గేటు పెట్టండి

మీరు చెప్పింది ఇదీ: హన్మకొండలో ఉమ్మడి కుటుంబం, ల్యాబ్ (లాబ్రడార్) జాతి కుక్కకీ నాటుకుక్కకీ పుట్టిన మూడేళ్ళ మగకుక్క, ఏడాదిన్నర పాప. పాప పాకినన్నాళ్ళూ ఏ గొడవా లేదు. నడక మొదలయ్యాక కుక్క గుర్రుమంటోంది. పోయిన వారం పాప రొట్టెముక్క పట్టుకుని మంచం కిందికి వంగింది. అక్కడ పడుకున్న కుక్క గాల్లో పళ్ళు టపటపలాడించింది గానీ పాపకు తగల్లేదు. మీవారు కర్రతో రెండు వేశారు. అత్తమ్మ ఊరవతల వదిలేసి రమ్మంటున్నారు. ఎండాకాలం సెలవులకు ఆడపడుచు పిల్లలిద్దరు రాబోతున్నారు. కుక్కను ఉంచుకోవచ్చా, ఉంచుకుంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

కుక్క నోరు ఎంత వేగంగా కదులుతుందంటే, ఏడాదిన్నర పాప దాన్ని తప్పించుకోవడం అన్నది జరగదు. ఆ దూరంలో కరవాలనుకుంటే కరిచేదే. తగలకూడదనే గాల్లో కొట్టింది. పశువైద్యుడు, కుక్కల శిక్షకుడు ఇయాన్ డన్‌బార్ కాటు తీవ్రతను 6 మెట్లుగా విడదీశారు. పళ్ళు ఒంటికి తగలకపోతే 1వ మెట్టు. తగిలినా చర్మంలో దిగకపోతే 2. ఒకే కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, లోతు కోరపన్నులో సగానికి మించకపోతే 3. అంతకన్నా లోతుగా దిగినా, పట్టి ఊపినా 4. అక్కడి నుంచి పైకి పోతే ప్రాణం మీదికి వచ్చేవే. మీది 1. బాగుచెయ్యడానికి బోలెడు అవకాశం ఉన్న మెట్టు ఇది. కానీ ఏడాదిన్నర పిల్ల ముఖం సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది, కాబట్టి 1ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

పాకినప్పుడు లేని గొడవ నడకతో ఎందుకొచ్చింది? కుక్క వైపు నుంచి చూడండి. పాకే పిల్ల నెమ్మది, ఎటు పోతుందో తెలుస్తుంది. నడక నేర్చే పిల్ల ఊగుతూ వస్తుంది, ఏ క్షణాన మీద పడుతుందో తెలీదు. కళ్ళలోకి సూటిగా చూస్తుంది, కీచుమని అరుస్తుంది, చెవి దొరికితే చెవి, తోక దొరికితే తోక పట్టుకుంటుంది, వాటేసుకుంటుంది. కుక్కల మర్యాదలో ఇవన్నీ తప్పులే. అంతకుముందు మంచం కింద ఎవరూ రాని చోటు ఒకటి దానికి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. పైగా చేతిలో రొట్టె. భయం, చోటు, తిండి, మూడూ ఒక్క నిమిషంలో కలిశాయి.

గుర్రుమనడం మొదటి హెచ్చరిక కాదు. దానికి ముందు చాలా చెప్పి ఉంటుంది, మీరు చూడలేదంతే. తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు మాత్రం కనబడేలా పాపనే చూడటం, లేచి పక్క గదికి పోవడం ఇలాంటివే. వీటన్నిటిలో నేను ఎక్కువగా భయపడేది బిగుసుకోవడానికి. కుక్క ఒక్కసారిగా కదలడం మానేస్తుంది, నోరు మూసేస్తుంది, రొప్పడం ఆగుతుంది, ఒక్కోసారి తోక కొస మాత్రం ఆడుతుంది. ఒకటి రెండు సెకన్లే. ఆ తర్వాతే పళ్ళు. తోక ఆడుతోంది కదా, సంతోషంగా ఉందనుకుని దెబ్బతిన్న ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇక కర్ర సంగతి. మీవారు పాప మీది ప్రేమతోనే కొట్టారు, తప్పుపట్టడం లేదు. కానీ కుక్కకు అర్థమైంది వేరు: పాప దగ్గరికొచ్చింది, నాకు దెబ్బలు పడ్డాయి, అంటే ఈ పిల్ల వస్తే నాకు కీడు. భయం తగ్గకపోగా రెట్టింపయింది. రెండోది ఇంకా ప్రమాదం. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. “ఏ చప్పుడూ లేకుండా కరిచింది” అని జనం చెప్పే కుక్కల్లో చాలా వాటి నోరు ఇంట్లోవాళ్ళే నొక్కేసి ఉంటారు. కాబట్టి గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు, వెల్లకిలా పడేసి అదిమిపట్టొద్దు, కరెంటు షాకు బెల్టులు కొనొద్దు. గుర్రుమన్న వెంటనే పాపను ఎత్తుకుని పక్కకు తీసుకుపోండి, అంతే.

ఈ రోజు చెయ్యాల్సిన పని శిక్షణ కాదు, విడదీయడం. పాప, కుక్క ఒకే నేల మీద ఉండకూడదు. “నేను చూస్తూనే ఉంటా” అన్నది రక్షణ కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే కళ్ళు అటే పోతాయి. వెల్డింగ్ షాపులో మీ గది గడపకు సరిపోయే గేటు చేయించండి. ఎత్తు 4 అడుగులు ఉండాలి, 3 అడుగులైతే ల్యాబ్ జాతి దూకేస్తుంది. చువ్వల మధ్య 2 అంగుళాలకు మించొద్దు. కింది 2 అడుగులకు సన్నజాలీ కొట్టించండి, లేకపోతే పాప చువ్వల్లోంచి చెయ్యి పెడుతుంది. గొళ్ళెం పైభాగాన, పెద్దవాళ్ళకే అందేలా పెట్టించండి. ఇంకా ముఖ్యం, అడ్డు ఎప్పుడూ రెండు ఉండాలి: గేటూ, తలుపూ. లేదా గేటూ, కుక్క ఒంటికి హార్నెస్‌తో (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కిటికీ ఊచకు కట్టిన రెండు మీటర్ల తాడూ. ఉమ్మడి కుటుంబంలో ఎవరో ఒకరు గేటు వెయ్యడం మర్చిపోవడం ఖాయం. రెండో అడ్డు ఆ రోజు కోసమే. తాడు మెడ బెల్టుకు కాదు, హార్నెస్‌కే కట్టాలి. పెద్దవాళ్ళు ఆ గదిలో ఉన్నంతసేపే కట్టాలి.

గేటు వచ్చేదాకా తలుపు వేసి ఉంచండి. కానీ వాకిట్లో గొలుసుతో కట్టెయ్యకండి, ఇది మనవైపు అందరూ చేసే తప్పు. గల్లీలో పోయే పిల్లలు ఆటపట్టిస్తారు, రాయి విసురుతారు, కుక్క పారిపోలేదు, మీదికి పోలేదు. నెల రోజుల్లో పిల్లలంటేనే పిచ్చెక్కిపోయేలా తయారవుతుంది. డాబా మీద కట్టేస్తే మే నెల ఎండకు వడదెబ్బతో చచ్చిపోతుంది. లోపలి గదిలో ఫ్యాను కింద, తడిపిన గోనెసంచి మీద, నీళ్ళు అందేలా ఉంచండి. తిప్పడం పొద్దున 6 లోపు, రాత్రి 8 తర్వాత. పెద్దకుక్కకు రోజుకు 12 గంటలకు పైనే నిద్ర కావాలి. పిల్లల సందడిలో నిద్ర చాలని కుక్క చిరాకు పడుతుంది, కాబట్టి ఆ గదిలోకి పిల్లలెవరూ పోకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి.

తిండి ఎప్పుడూ మూసిన గదిలోనే, తిన్నాక గిన్నె తీసెయ్యాలి. బొక్కలు పాప తిరిగే చోట అసలు వద్దు. “తింటుంటే గిన్నెలో చెయ్యి పెడితే అలవాటు పడుతుంది” అనే సలహా మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. వినకండి. రోజూ మీ కంచంలో ఎవరో చెయ్యి పెడితే మీకూ అలవాటు కాదు, కోపమే వస్తుంది. మంచం కింద చోటు పాపకు అందనట్టు అట్టపెట్టెలతో మూసేసి, దాని పడక గేటు అవతల వెయ్యండి.

వారంలోపు పశువుల డాక్టరుకు చూపించండి. ఇన్నాళ్ళూ బాగున్న కుక్క ఉన్నట్టుండి మారిందంటే నొప్పి ఉందేమో చూడకుండా శిక్షణ మొదలుపెట్టడం దండగ. ల్యాబ్‌లకు చెవులు వేలాడతాయి కాబట్టి లోపల చీము, వాపు ఎక్కువ. పాప చెవి పట్టుకుంటే ప్రాణం పోయినంత పని అవుతుంది. తుంటి కీలు బాగోకపోవడం, విరిగిన పన్ను కూడా చూడాలి. పిడుదులు పట్టిన కుక్కైతే, మనవైపు గోమార్లని కూడా అంటారు, రక్తపరీక్ష చేయించండి. పిడుదుల జ్వరంలో ఒళ్ళు నొప్పులు, నీరసం, చిగుళ్ళు తెల్లబడటం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం ఉంటాయి. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మాత్రం వెయ్యకండి, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది, డాక్టరు దొరకడని ఆగాల్సిన పనిలేదు. పోయేటప్పుడు కుక్క పాపను గేటు అవతల నుంచి చూస్తున్న అరనిమిషం వీడియో ఫోనులో తీసుకుపోండి. దవాఖానలో బల్ల మీద అది భయంతో ముడుచుకుంటుంది, ఇంటి తీరు అక్కడ కనబడదు. వీడియో కోసమని పాపను దగ్గరికి పంపొద్దు సుమా. రేబిస్ టీకా ఏడాది దాటిపోయి ఉంటే అదే రోజు వేయించండి. విత్తుకొట్టిస్తే తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. మగకుక్కల కొట్లాటలు, తిరుగుళ్ళు తగ్గొచ్చు గానీ భయంతో వచ్చే ఈ గుర్రు దానివల్ల తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు.

నొప్పి లేదని తేలాక, లేదా మందులతో తగ్గాక, శిక్షణ. దీని సారం ఒక్కటే: పాప కనబడితే కుక్కకు కోడికూర ముక్క పడాలి, పాప కనుమరుగైతే ముక్కలు ఆగిపోవాలి. చెప్పడం తేలిక, చెయ్యడంలోనే తప్పులు జరుగుతాయి.

బొక్కల్లేని చికెన్ 100 గ్రాములు ఉప్పు, కారం, నూనె, ఉల్లిగడ్డ ఏమీ లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు చెయ్యండి. ఉల్లిగడ్డ కుక్కకు విషం, అందుకే కూరలోంచి తీసి కడిగిన ముక్కలు పనికిరావు. శాకాహారులైతే పన్నీరు. ఆ రోజు మామూలు తిండి కొంచెం తగ్గించండి.

చోటు వాకిలి అనుకోండి. కుక్కను హార్నెస్‌తో ఒక పెద్దమనిషి ఒక చివర పట్టుకోవాలి. ఇంకొకరు పాపను ఎత్తుకుని రెండో చివర గోడ మలుపు చాటున ఉండాలి. నేల మీద మీటరుకొక గీత ముగ్గుతో గీసుకోండి, కొలత కళ్ళముందుంటుంది. మొదట 8 లేదా 10 మీటర్ల దూరం. పాపను ఎత్తుకున్నవాళ్ళు మలుపు దాటి కనబడతారు. కుక్క చూస్తుంది. చూసిన మరుక్షణం ముక్క, ఇంకో ముక్క, ఇంకో ముక్క, అలా ఐదు సెకన్లు. పాప మళ్ళీ చాటుకు పోగానే ఆపెయ్యాలి. అర నిమిషం ఆగి మళ్ళీ. పది సార్లు చాలు, మొత్తం ఐదారు నిమిషాలు, రోజుకు రెండు పూటలు.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. ముందు పాప, తర్వాత ముక్క. మీ చెయ్యి ముందే సంచిలోకి పోయి, ఆ తర్వాత పాప కనబడితే పని తిరగబడుతుంది. “చికెన్ వాసన వచ్చిందంటే ఆ పిల్ల వస్తుంది” అని కుక్క చికెన్‌నే అనుమానించడం మొదలుపెడుతుంది.

దూరం సరిగ్గా ఉందో లేదో దాని నోరు చెబుతుంది. ముక్క మెత్తగా అందుకుని, పాప కనబడగానే “ఏదీ నా ముక్క?” అన్నట్టు మీ మొహం వైపు తిరిగితే బాగుంది. ముక్క తీసుకోకపోయినా, వేళ్ళు కొరికేలా లాక్కున్నా, పాప మీది నుంచి చూపు తిప్పకపోయినా దగ్గరైపోయారు, 2 మీటర్లు వెనక్కి పోండి. పదిలో ఎనిమిది సార్లు మీ వైపు తిరుగుతుంటే, వరుసగా మూడు రోజులు అలాగే ఉంటే, ఒక్క గీత ముందుకు. ఒక్క గీతే.

దూరంతో పాటు ఇంకో మెట్టు ఉంది. చంకలో ఉన్న పాప, నిలబడిన పాప, అడ్డంగా నడిచే పాప, బొమ్మ పట్టుకున్న పాప, పరుగెత్తే పాప, కేకలేసే పాప కుక్క లెక్కలో వేరువేరు. కొత్తది మొదలుపెట్టిన ప్రతిసారీ దూరం మళ్ళీ పెంచాలి. పాప ఏడుపు ఫోనులో రికార్డు చేసి, పాప ఇంట్లో లేనప్పుడు సన్నగా వినిపిస్తూ ముక్కలు వెయ్యడం మంచి పని. రోజుకొక చుక్క శబ్దం పెంచండి.

పాపచేత కుక్కకు ముక్క పెట్టించొద్దు. “దోస్తీ అవుతుంది” అని ప్రేమతో చేసే ఈ పని వల్ల జరిగే కాట్లు నాకు మరీ బాధ. ఏం జరుగుతుందంటే, కుక్క భయపడుతూనే తిండి ఆశకు మెడ సాచి దగ్గరికొస్తుంది. ముక్క అయిపోతుంది. తలెత్తి చూస్తే పిల్ల ముఖం అరడుగు దూరంలో ఉంటుంది. వెనక్కి పోదామంటే గోడ. అప్పుడే కరుస్తుంది. ముక్కలు ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతి నుంచి, పాపకు దూరంగానే.

గుర్రు పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, మూడు నుంచి ఆరు అనుకోండి. డాక్టరు అవసరమనుకుంటే భయం తగ్గించే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు రాస్తారు. దాని ఫలితం తెలియడానికే నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి, శిక్షణ లేకుండా మందొక్కటే పని చెయ్యదు, ఇష్టానికి మధ్యలో ఆపకూడదు.

ఆడపడుచు పిల్లలొచ్చేలోపు ఇదంతా తెమలదు. కాబట్టి వాళ్ళున్నన్నాళ్ళూ శిక్షణ లేదు, విడదీయడమే. లేదంటే కుక్కకు బాగా తెలిసిన, పిల్లలు లేని చుట్టాలింట్లో ఆ పదిహేను రోజులు ఉంచండి. బతుకమ్మ ఆటలకు వాకిలి నిండా జనం చేరినప్పుడూ, దీపావళి పటాకుల రాత్రీ ఇంతే. పెద్దపిల్లలకు మాత్రం నాలుగు మాటలు నేర్పించండి: పడుకున్న కుక్కను, తినే కుక్కను ముట్టుకోవద్దు, వాటేసుకోవద్దు, అది దగ్గరికొస్తే పరుగెత్తకుండా చేతులు కట్టుకుని, చూపు నేల మీద పెట్టి చెట్టులా నిలబడాలి. ఏడాదిన్నర పాపకు ఇవి చెప్పినా తలకెక్కవు, ఆమెకు గేటే రక్ష.

మూతికి తొడిగే మజిల్ గురించి. దుక్కిటెద్దు చేలో మేయకుండా మూతికి కట్టే చిక్కెం చూశారు కదా, అలాంటి బుట్ట రకమే కొనండి. లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి. మూతిని బిగించి కట్టే గుడ్డ, నైలాన్ రకం మన ఎండల్లో ప్రాణాంతకం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కొన్న రోజే తొడగొద్దు. బుట్ట అడుగున పెరుగు రాసి పట్టుకోండి, దానంతట అదే మూతి పెట్టి నాకాలి. మూడు నాలుగు రోజులు అంతే. తర్వాత ఐదు సెకన్లు పట్టీ వేసి తియ్యడం, తర్వాత నిమిషం, అలా రెండు వారాలు. మజిల్ ఉందని పాపను పక్కన వదలకండి, తలతో గుద్దినా చిన్నపిల్ల పడిపోతుంది. బయట తిప్పేటప్పుడు మజిల్ చూసి గల్లీవాళ్ళు కూడా కొంత నిమ్మళిస్తారు. వాళ్ళ భయానికి కోపం తెచ్చుకోకండి. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కల దాడిలో ఒక పిల్లవాడు చనిపోయాడు, ఆ తల్లిదండ్రుల దుఃఖం ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు.

ఎంత జాగ్రత్తపడ్డా కరిచిందే అనుకోండి. పాపను ఎత్తుకుని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగండి. రేబిస్‌ను ఆపడంలో సగం పని ఈ కడగడమే. పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏవీ పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. తర్వాత పోవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే క్రిమిసంహారక మందు) రాసి నేరుగా వరంగల్ ఎంజీఎం దవాఖానకో, దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానకో తీసుకుపోండి. రక్తం రాని గీరుడైతే టీకా చాలు. రక్తం కనబడితే, పగిలిన చర్మం మీద, కంట్లో, నోట్లో చొంగ పడితే టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే తయారు యాంటీబాడీల సూది) కూడా కావాలి. దాన్ని మీరే అడగండి, మొదటి రోజే వెయ్యాలి, ఏ కారణంతో ఆలస్యమైనా మొదటి టీకా నుంచి 7 రోజులు దాటితే వెయ్యరు. కండకు వేసే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయిందని అత్తమ్మకు చెప్పండి. కండకు వేసేదైతే చిన్నపిల్లలకు తొడ పక్కన వేస్తారు, పిరుదుకు వెయ్యకూడదు.

కుక్కకు టీకా వేయించాం కదా అని ఆగొద్దు, పాపకు మొదలుపెట్టాల్సిందే. కుక్కను 10 రోజులు ఇంట్లోనే కట్టి చూడాలి. పదో రోజుకు ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. కోపంతో దాన్ని చంపినా, వదిలేసినా ఆ ఒక్క ఆధారం పోతుంది.

ఇప్పుడు అత్తమ్మ మాట. ఊరవతల వదిలేస్తే అక్కడా పిల్లలుంటారు. ఆకలితో, భయంతో ఉన్న కుక్క మీ ఇంట్లోకన్నా అక్కడే తొందరగా కరుస్తుంది. పెంచుకున్న జంతువును అలా గాలికి వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జాగ్రత్త తీసుకోక మీ కుక్క ఎవరినైనా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అయితే ఆమె భయంలో తప్పేమీ లేదమ్మా. కొన్ని కుక్కలు చిన్నపిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. హెచ్చరిక లేకుండా కరిస్తే, గాటు లోతుగా దిగితే, ఒకేసారి రెండు మూడు కాట్లు వేస్తే, పాప ఏడుపు వినగానే గుర్రుమనకుండా తల దించి, పొంచి, వేటలా చూస్తుంటే ఇంటి శిక్షణతో ప్రయత్నించొద్దు. ఇంట్లో ఏడెనిమిది మంది ఉండి గేటు వెయ్యడం ఎవరికీ పట్టకపోయినా అంతే, కుక్క ఎంత మంచిదైనా. అప్పుడు పిల్లలు లేని, పిల్లలు వచ్చిపోని ఇల్లు వెతకండి. ఇచ్చేటప్పుడు కాగితం మీద ఉన్నదున్నట్టు రాసివ్వండి: ఏ రోజు ఎవరి మీద గుర్రుమంది, అప్పుడు తిండి ఉందా, పడుకుని ఉందా, పళ్ళు తగిలాయా, ఏ టీకా ఏ తేదీన వేయించారు, చెవికి ఏ మందు వాడుతున్నారు, పిడుదులు పడితే ఏ డాక్టరు దగ్గర చూపించారు. మొదటి వారం గుర్తుపట్టిన వాసన ఉండేలా దాని గోనెసంచి కూడా ఉతక్కుండా ఇచ్చెయ్యండి.